బేకారు, నిరుద్యోగి: సిరొంచ తెలుగులో రెండు మాటలు
ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్రలోని సిరొంచ తెలుగులో పని లేనివారికి రెండు మాటలున్నాయి. ‘బేకారు’ పారసీ మాట: ‘బే’ అంటే లేని, ‘కార్’ అంటే పని. మరాఠీలో ‘బేకారీ’ అంటే పని దొరకని స్థితే. తెలుగులో మాత్రం అది ‘బేకారు సామాను’ అనేదాకా, అంటే పనికిరానిదనే నిందగా జారిపోయింది గనుక, పని వెతుక్కుంటున్న పిల్లవాడిని ఆ మాటతో పిలిస్తే నాకు బాధ కలుగుతుంది.

‘నిరుద్యోగి’ మర్యాదైన మాట. అయితే సంస్కృతంలో ఉద్యోగమంటే ప్రయత్నం, తెలుగులో జీతపు కొలువు. అందుకే చదువుకున్నవారిని నిరుద్యోగులంటాం గాని, ఎండాకాలం కూలి దొరకని మనిషిని అలా అనం, ఆయనకు ‘పని లేదు’ అంటాం. మరాఠీలో ‘నిరుద్యోగీ’ అంటే సోమరి అనే అర్థం వస్తుంది. అక్కడ ‘బేరోజ్‌గార్’ అనడమే మేలు. 1977 నాటి ఆ రాష్ట్ర ఉపాధి హామీ చట్టం పేరులో ఉన్నదీ ‘రోజ్‌గార్’ అనే మాటే.