ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఓపెన్‌బీసీఐ సైటాన్ బోర్డు: తిరుపతి ఎండలో, నూనె తలల మీద

కాగ్నిటివ్ న్యూరోసైన్స్ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఉండేది ఒక్క సెమిస్టరు. మెదడు విద్యుత్ తరంగాలని తల మీద నుంచి కొలిచే పెద్ద ఈఈజీ యంత్రం దగ్గర సమయం దొరకనివాళ్ల చూపు ముందుగా పడేది అదే పని చేసే చిన్న ఓపెన్‌బీసీఐ సైటాన్ బోర్డు మీదే. కొనదగ్గదే. అయితే ప్రశ్నని బోర్డుకి తగ్గట్టు కుదించుకున్నవాళ్లకే అది పనికొస్తుంది.

లోపలున్నది తల మీది సిగ్నల్ని అంకెలుగా మార్చే ఏడీఎస్1299 చిప్పు. 8 చానళ్లు, 24 బిట్లు, సెకనుకి 250 శాంపిళ్లు, అంటే 4 మిల్లీసెకన్లకొక కొలత. డైసీ అనే అదనపు బోర్డు తగిలిస్తే 16 చానళ్లవుతాయి గానీ, ల్యాప్‌టాప్‌కి డేటా పంపే రేడియో మీద వేగం 125కి పడిపోతుంది. మొదటి ప్రాజెక్టుకి డైసీ వద్దు. నాలుగు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది కాబట్టి గోడ కరెంటుతో పని లేదు. తలకి ఎలక్ట్రోడ్లు ఉన్నంతసేపు బోర్డుకి అడాప్టరు పెట్టకూడదు, ల్యాప్‌టాప్ కూడా చార్జర్ తీసేసి వాడాలి.

మన ఊళ్లో సిగ్నల్‌ని ఎక్కువగా చెడగొట్టేది బోర్డు కాదు, కొబ్బరి నూనె. రికార్డింగుకి వచ్చేవాళ్లకి ముందురోజే చెప్పాలి: కుంకుడుకాయతోనో షాంపూతోనో తలంటుకుని రావాలి, కండిషనర్, నూనె రెండూ వద్దు. పాపిట తీసి, న్యూప్రెప్ అనే గరుకు జెల్ అద్దిన ఇయర్‌బడ్‌తో చర్మాన్ని మెల్లగా రుద్ది, గోల్డ్ కప్పు ఎలక్ట్రోడ్ నిండుగా టెన్20 అనే కండక్టివ్ పేస్ట్ పెట్టి నొక్కాలి. ఇంపీడెన్స్, అంటే చర్మానికీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య కరెంటుకి ఉండే అడ్డు, 10 కిలో ఓముల లోపు రావాలి. దాన్ని కొలిచేటప్పుడు బోర్డు దాదాపు 31 హెర్ట్జ్ దగ్గర చిన్న కరెంటు పంపుతుంది. కొలత అయ్యాక ఆపడం మరిచిపోతే ఆ గీత డేటా అంతటా ఉంటుంది.

కొండకి వెళ్లి గుండు చేయించుకుని వచ్చినవాళ్లు ఇక్కడ సులువుగా దొరుకుతారు, వాళ్ల తల మీద ఎలక్ట్రోడ్ చక్కగా కూర్చుంటుంది. కత్తి గాట్లు మానేదాకా మాత్రం రుద్దకూడదు. వాళ్లందరినీ ఒకే గ్రూపులో వేయడం ఇంకా పెద్ద పొరపాటు. గ్రూపుల మధ్య కనిపించే తేడా మెదడుదో, జుట్టుదో తర్వాత ఎవరూ తేల్చలేరు.

ఏప్రిల్, మే నెలల్లో చెమట వల్ల గీతలు నెమ్మదిగా పైకీ కిందకీ కొట్టుకుపోతాయి. మనిషి రాకముందే గది చల్లబడి ఉండాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకుంటే ఆ విడత రికార్డింగు అక్కడే ఆపి మళ్లీ మొదలుపెట్టడం మేలు. సాఫ్ట్‌వేర్‌లో కరెంటు తీగల రొదని తీసేసే నాచ్ ఫిల్టర్ 50 హెర్ట్జ్ మీద ఉందో లేదో చూసుకోండి, 60 అమెరికా కరెంటుకి. ఆ ఫిల్టర్లు తెర మీద చూపడానికే, ఫైల్లో పడేది ముడి డేటా.

అసలు చిక్కు టైమింగ్‌ది. రేడియో మీద వచ్చే శాంపిళ్లు ల్యాప్‌టాప్‌కి ఒక్కోసారి ఒక్కో ఆలస్యంతో చేరతాయి. అందుకే మాట తెర మీదకి వచ్చిన క్షణానికి గుర్తుగా ప్రోగ్రామ్ పెట్టే మార్కర్‌ని మాత్రమే నమ్ముకుంటే సగటు తీసేటప్పుడు అలలు ఒకదానిమీదొకటి సరిగ్గా పడవు, శిఖరం చప్పబడుతుంది. తెర మూల మీద వెలుగుని పసిగట్టే ఫొటోడయోడ్ అంటించి, దాని తీగని బోర్డు అనలాగ్ పిన్నుకి ఇచ్చి, స్లాష్ 2 (/2) ఆదేశం పంపితే వెలుగు పడిన క్షణం ఈఈజీతో పాటే నమోదవుతుంది. పిన్నుకి 3.3 వోల్టులు దాటకూడదు. ఈ మోడ్‌లో యాక్సిలరోమీటర్ కొలతలు రావు, ఈ పనికి వాటి అవసరమూ లేదు. బోర్డు సిగ్నల్ అందుకునే డాంగిల్‌ని యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో ల్యాప్‌టాప్‌కి దూరంగా, బోర్డుకి దగ్గరగా పెట్టండి. ఫైల్లో శాంపిల్ సంఖ్య 0 నుంచి 255 దాకా వరసగా తిరుగుతుంది. మధ్యలో అంకెలు ఎగిరితే ప్యాకెట్లు పోయినట్టే.

ఈ బోర్డుకి సరిపోయే ప్రశ్నల్లో తెలుగువాళ్లకి బాగా కుదిరేది ఎన్400. అర్థం పొసగని మాట కనిపించాక 400 మిల్లీసెకన్ల ప్రాంతంలో వచ్చే నెగెటివ్ అల ఇది, కూటాస్, హిల్‌యార్డ్ 1980లో చూపించారు. 'అమ్మ పొయ్యి మీద అన్నం వండింది', 'అమ్మ పొయ్యి మీద అన్నం చదివింది' లాంటి జతలు చాలు, ఒక్కో రకానికి 40 వాక్యాలు. మన క్రియ చివర వస్తుంది కాబట్టి వాక్యం ముగింపు ప్రభావం కూడా అక్కడే కలుస్తుంది. అది తప్పించడానికి 'చదివింది అని లక్ష్మి చెప్పింది' అంటూ తోక తగిలించాలి. ఎలక్ట్రోడ్లు ఎఫ్‌జెడ్, సీజెడ్, పీజెడ్, ఓజెడ్, పీ3, పీ4 (ఇవన్నీ తల మీది చోట్లకి ప్రామాణిక పేర్లు), కుడి చెవి వెనక ఒకటి, కంటి కింద ఒకటి. రిఫరెన్స్, అంటే మిగతావాటిని పోల్చి కొలిచే ఎలక్ట్రోడ్, ఎడమ చెవి వెనక. విశ్లేషణలో నెమ్మదైన ఊగిసలాటని తీసేసే హై పాస్ ఫిల్టర్ 0.1 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. 1 హెర్ట్జ్ పెడితే నెమ్మదైన ఈ అల ఆకారమే మారిపోతుంది.

మెదడులో ఏ భాగం నుంచి సిగ్నల్ వచ్చిందని చెప్పడం 8 చానళ్లతో కుదరదు, ఆ మాట సినాప్సిస్‌లో రాయకండి. కనురెప్పల ఆర్టిఫాక్ట్‌ని ఐసీఏతో (కలిసిపోయిన సిగ్నళ్లని వేరుచేసే లెక్క) విడదీయడం కూడా ఇన్ని తక్కువ చానళ్లతో గట్టిగా జరగదు. రెప్ప పడిన ట్రయల్ (ఒక్క వాక్యపు రికార్డింగు)‌ని తీసేయడమే నయం, ఆ మేరకు వాక్యాలు ఎక్కువ పెట్టుకోవాలి.

బోర్డుతో పాటే పేస్ట్, అదనపు గోల్డ్ కప్పులు తెప్పించుకోండి, ఇక్కడ మందుల షాపులో అడిగితే దొరికేవి కావు. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్, జీఎస్టీ అదనం. ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగు సమ్మతి పత్రం రికార్డింగుకి ముందే చేతిలో ఉండాలి. బోర్డు వచ్చిన రోజు ముగ్గురిని కూర్చోబెట్టి కళ్లు మూయించండి. తల వెనక ఓజెడ్ దగ్గర 10 హెర్ట్జ్ అల లేచి, కళ్లు తెరవగానే తగ్గాలి. కొందరికి పుట్టుకతోనే అది తక్కువ. ముగ్గురిలోనూ కనబడకపోతే ముందు రిఫరెన్స్ తీగ చూడండి.