సాల్ట్ సిస్టమ్ పెట్టాక మిగిలిన క్లోరిన్ బిళ్లలు: కొన్ని వేసవులు వాడి చూశాక

ఈత కొలనుకు సాల్ట్ సిస్టమ్ (నీళ్లలో కలిపిన ఉప్పు నుంచి కరెంటుతో క్లోరిన్ తయారుచేసే యంత్రం) బిగించిన మనిషి వెళ్తూ వెళ్తూ, సగానికి పైగా నిండున్న మా క్లోరిన్ బిళ్లల బకెట్టు చూసి "ఇక వీటితో పనిలేదు, పారేయండి" అన్నాడు. పారేయనందుకు ఈ రోజుకీ సంతోషిస్తున్నాను. డాలస్ దగ్గర మా పెరట్లో ఆ యంత్రం బాగానే పనిచేస్తోంది. అయితే అందులో సగం పుణ్యం ఆ బకెట్టుదే.

ఉప్పు నీళ్లతో అసలు తలనొప్పి పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత. యంత్రంలో క్లోరిన్ తయారుచేసే భాగమైన సెల్‌లో, క్లోరిన్‌తో పాటు పుట్టే హైడ్రోజన్ బుడగలు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ను తరిమేస్తాయి, పీహెచ్ పైకి పాకుతుంది. మా కొలనులో 7.6 దగ్గర పెట్టింది వారం తిరిగేసరికి 8కి చేరేది. దాన్ని దించడానికి మళ్లీ యాసిడ్ సీసా, చేతి తొడుగులు, ఆ ఘాటు. బకెట్టులోవి ట్రైక్లోర్ అనే రకం క్లోరిన్ బిళ్లలు, వాటి తీరు దీనికి సరిగ్గా ఎదురు. వాటిది గట్టి ఆమ్లగుణం, కరిగేకొద్దీ పీహెచ్‌ను కిందికి లాగుతాయి.

ఇది పుస్తకాల్లో చదివినప్పటికంటే సెల్ పాడైనప్పుడు బాగా తెలిసింది. జూలై నడి ఎండల్లో, పరీక్షలో ఉప్పు సరిపడా, 3,200 పీపీఎం (పది లక్షల వంతుల్లో 3,200 వంతులు) ఉన్నా ప్యానెల్ మీద ఉప్పు తక్కువన్న దీపం ఆరలేదు. వారంటీ కింద కొత్త సెల్ వచ్చేదాకా ఆగమన్నారు. ఆ వేడికి క్లోరిన్ లేని నీళ్లు రెండు మూడు రోజుల్లో పచ్చబడిపోతాయి. బకెట్టు తెచ్చి, గాలి నా వెనక నుంచి వీచేలా నిలబడి మూత తీసి, నీళ్లమీద తేలే డబ్బా, అంటే ఫ్లోటర్‌లో బిళ్లలు వేసి తాడుతో మధ్యలో కట్టాను. వదిలేస్తే అది మెట్ల దగ్గర చేరి అక్కడి రంగు తినేస్తుంది. కొలను గోడలో పంపు నీళ్లు లాక్కునే చోటైన స్కిమ్మర్‌లో మాత్రం వేయలేదు. పంపు ఆగినప్పుడు అక్కడ నిలిచే ఆమ్లపు నీళ్లు, పంపు తిరగగానే నేరుగా హీటర్‌లోని రాగి గొట్టాల్లోకి పోతాయి. నాలుగైదు రోజులకు బిళ్లలు అరిగిన సబ్బుముక్కల్లా అంచులు గుండ్రబడ్డాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి. కొత్త సెల్ వచ్చేదాకా యాసిడ్ సీసా ముట్టుకోలేదు!

అప్పటినుంచి సెల్ ఉత్పత్తి కాస్త తగ్గించి, పక్కన ఒక బిళ్ల తేలనిస్తున్నాను. మొదట్లో ప్రతి వారం వేసేవాణ్ణి. ఇప్పుడు అంత ధారాళంగా వేయడం లేదు. మా కొలను 75,000 లీటర్లు. 227 గ్రాముల బిళ్ల పూర్తిగా కరిగితే 2.7 పీపీఎం క్లోరిన్‌తో పాటు 1.6 పీపీఎం సైన్యూరిక్ ఆమ్లం (క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడేది, స్టెబిలైజర్‌గా అమ్మేది ఇదే) కూడా చేరుతుంది. క్లోరిన్ ఎండకు ఖర్చయిపోతుంది, ఈ ఆమ్లం అలాగే ఉండిపోతుంది. ఉప్పు కొలనుకు అది 60 నుంచి 80 పీపీఎం దాకా కావాలి కాబట్టి మొదటి ఏడాది స్టెబిలైజర్ కొనే పని తప్పింది. 80 దాటితే మాత్రం కొన్ని నీళ్లు తోడేసి కొత్త నీళ్లు పోయడమే దారి. అందుకని ముందు దాన్ని కొలిచి, 70 లోపు ఉంటేనే బిళ్ల వేస్తున్నాను. ఈ బిళ్లలతో ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం) కూడా తగ్గుతుంటుంది, దాని మీదా ఒక కన్నుండాలి.

బకెట్టు గ్యారేజీలో ఉన్నన్నాళ్లు పక్కనున్న సుత్తి, మేకులు తుప్పెక్కి ఎర్రబడ్డాయి. ఇప్పుడు దాన్ని పెరటి షెడ్డులో, నీడలో, తడి తగలకుండా ఉంచాను. ఇంకో సంగతి మరీ ముఖ్యం. ఒక్కసారిగా క్లోరిన్ పెంచడానికి షాక్ పొడిగా అమ్మే కాల్షియం హైపోక్లోరైట్‌ను ఈ బిళ్లలతో కలపకూడదు. రెండింటికీ ఒకే గరిటె, ఒకే ఫ్లోటర్ కూడా వాడకూడదు. కలిస్తే మండుతుంది, పేలనూవచ్చు. వద్దనుకున్న బిళ్లలను చెత్తడబ్బాలో వేయడమూ ప్రమాదమే. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వాలి, లేదా బిళ్లలు వాడే పొరుగువారికి ఇవ్వాలి.

మాది ఎండ బాగా పడే కొలను. వానలకు, పిల్లల కేరింతలకు నీళ్లు పొర్లిపోయి ఆ సైన్యూరిక్ ఆమ్లం కొంత పలచబడుతుంది కాబట్టి మాకిది కుదిరింది. కప్పు కింద ఉండే కొలనుకు, నీళ్లు మార్చడం కష్టమైన చోట ఇదే మాట చెప్పలేను. నా మటుకు ఈ బకెట్టు అయిపోతే చిన్నది ఇంకొకటి కొంటాను. నీళ్లు 15 డిగ్రీల లోపు చల్లబడితే మా సెల్ ఆగిపోతుంది, చలికాలమంతా నడిపేది ఈ బిళ్లలే.