బెజవాడ, గుంటూరు నుంచి కుటుంబంతో తొలి క్యారవాన్ యాత్ర: బస ఎక్కడ, ముందుగా చూసుకోవలసినవేమిటి

క్యారవాన్ (పడక, వంట, టాయిలెట్ వసతులున్న వ్యాను) అద్దెకు తీసుకునేవాళ్లు ముందుగా అడిగేది లోపల టీవీ ఉందా, సోఫా మంచంగా మారుతుందా అని. రాత్రికి బండి ఎక్కడ ఆపుతామన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. కరెంటు ఇచ్చి, నీళ్లు పట్టుకోనిచ్చి, మురుగు పారబోసుకోనిచ్చే క్యారవాన్ పార్కులు మన వైపు అరుదు. అందుకని బస ఖరారయ్యాకే బండి మాట్లాడుకోవాలి. మాకు తెలిసినంతలో నమ్మకమైన దారి ఒకటే: ఆవరణ ఉన్న రిసార్టులో ఒక్క గది తీసుకుని, బండిని అక్కడే నిలుపుకుంటామని ముందే ఫోన్‌లో అడగడం. స్నానాలు గదిలో అయిపోతాయి, ప్లగ్గు దొరుకుతుంది, రాత్రిపూట ఎవరూ వచ్చి లేపరు.

తొలి యాత్రకు సూర్యలంక సరైన చోటు. గుంటూరు నుంచి బాపట్ల 50 కిలోమీటర్ల చిల్లర, అక్కణ్నుంచి తీరం మరో 9. ఘాట్ లేదు, ఏదైనా మరమ్మతు వస్తే ఊళ్లు దగ్గర. పర్యాటక సంస్థ వారి హరిత రిసార్టు తీరాన్నే ఆనుకుని ఉంది. కార్తీక పౌర్ణమికి, ఆదివారాలకు మాత్రం పోవద్దు, బండి తిప్పడానికే చోటుండదు. తారు రోడ్డు దిగి ఇసుకలోకి పోనివ్వకండి. మూడు టన్నుల పైచిలుకు బండి వెనక చక్రాలు ఒకసారి కూరుకుపోతే ట్రాక్టర్ రావలసిందే. తిరిగొచ్చాక కింది భాగమంతా మంచినీళ్లతో కడిగించాలి. లేకపోతే ఉప్పుగాలికి ముందు బోల్టులు, తర్వాత ఛాసిస్ తుప్పు పడతాయి.

విజయవాడలో పర్యాటక సంస్థ వారి రిసార్టు, భవానీపురం బెర్మ్ పార్క్, కృష్ణ ఒడ్డునే ఉంది. బండి నిలిపి పడవలో భవానీ ద్వీపానికి వెళ్లి రావచ్చు. దసరా నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రి చుట్టూ వాహనాలను దారి మళ్లిస్తారు కాబట్టి ఆ పది రోజులు ఈ చోటు వదిలేయడమే మంచిది. అమరావతి ధ్యానబుద్ధ, అమరేశ్వరాలయం పగటి ప్రయాణానికి చాలు. నాగార్జునసాగర్ రెండో విడతకు ఉంచుకోండి: గుంటూరు నుంచి మాచర్ల మీదుగా విజయపురి సౌత్, దగ్గర్లోనే ఎత్తిపోతల జలపాతం. జలాశయం మధ్య ద్వీపంలో ఉన్న నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆ సంగతి తెలియక లాంచీ రేవు దాకా వెళ్లి వెనుదిరిగే కుటుంబాలు ఎప్పుడూ ఉంటాయి.

ఎక్కువమంది దెబ్బతినేది కరెంటు లెక్క దగ్గరే. 12 వోల్టుల 200 యాంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు రెండున్నర యూనిట్లు. చిన్న ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, దీపాలు, ఫోన్లు కలిపి రాత్రికి ఒక యూనిట్ తింటాయి, దానికి ఇబ్బంది లేదు. అదే ఒక టన్ను ఏసీ ఆన్ చేస్తే గంటకు ఒక యూనిట్ లాగుతుంది, ఇన్వర్టర్ నష్టం అదనం. రెండు గంటలకు మించి నమ్మకండి. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ ఎండరోజున యూనిటున్నర నుంచి రెండు యూనిట్లు ఇస్తుంది. కానీ చెట్టు నీడన ఆపితే అది పడిపోతుంది, ఎండలో ఆపితే లోపల ఉడికిపోతాం. కోస్తాలో ఏప్రిల్, మే నెలల్లో పిల్లలతో క్యారవాన్ వద్దని మేం గట్టిగా చెప్పేది ఇందుకే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఫ్యాన్, కిటికీలకు దోమతెర ఉంటే చాలు.

బయటి ప్లగ్గుకు కలిపేటప్పుడు 16 యాంప్స్ సాకెట్టే అడగండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ తక్కువ దూరానికి సరిపోతుంది. 25 మీటర్లు దాటితే 4 చదరపు మిల్లీమీటర్లది కావాలి. తీగను చుట్ట మీద ఉంచి వాడితే లోపల వేడెక్కి కరుగుతుంది, పూర్తిగా విప్పాలి. కలిపేముందు సాకెట్ టెస్టర్‌తో ఎర్త్ చూడాలి. బండిలో 30 మిల్లీయాంప్స్ ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) లేకపోతే ఆ బండి అద్దెకు తీసుకోవద్దు. తీరగ్రామాల్లో సాయంత్రం వోల్టేజీ పడిపోతే ఏసీ కంప్రెసర్ మూలుగుతుంది. వెంటనే ఆపేయాలి. ఏసీ కోసం ఇంజిన్ నడుపుతూ మాత్రం ఎప్పుడూ పడుకోకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

నీళ్లు నలుగురికి వంద లీటర్లయితే స్నానాలు లేకుండా ఒకటిన్నర రోజు వస్తాయి. తాగడానికి 20 లీటర్ల వాటర్ టిన్ను వేరుగా. వంద లీటర్లంటే వంద కిలోలని గుర్తుంచుకుని సామాన్ల బరువు తగ్గించుకోండి. టాయిలెట్ క్యాసెట్ (మలమూత్రాలు చేరే, బయటికి తీసి ఖాళీ చేసే పెట్టె) 18-20 లీటర్లది, నలుగురు వాడితే రెండు రోజుల్లో నిండుతుంది. మూడొంతుల్లో రెండొంతులు నిండగానే గది టాయిలెట్‌లో ఖాళీ చేయాలి, అదీ యాజమాన్యానికి చెప్పి. పంట కాలువలోనో, తీరంలోనో పోసేవాళ్ల వల్లే తర్వాతివాళ్లను ఆవరణలోకి రానివ్వరు. ఫినాయిల్ పోయవద్దు, సెప్టిక్ ట్యాంకులో పనిచేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. వంట ఇండక్షన్ మీద. గ్యాసే కావాలంటే 5 కిలోల సిలిండరు, దాన్ని పెట్టే అరలో నేల మట్టాన గాలి కన్నం ఉండాలి, ఎందుకంటే లీకయిన గ్యాస్ కిందికే దిగుతుంది.

పైన ఏసీ ఉన్న బండి ఎత్తు మూడు మీటర్ల దాకా ఉంటుంది. ఎత్తెంతో డ్రైవరు ముందు అద్దం మీద రాసి అంటించండి. గుంటూరు మూడొంతెనల లాంటి రైల్వే అండర్ బ్రిడ్జిల జోలికి పోవద్దు. ప్రకాశం బ్యారేజీ బదులు కనకదుర్గ వారధి మీదుగానే వెళ్లండి. బండి కదులుతున్నప్పుడు పిల్లలు మంచాల మీద కాదు, బెల్టు ఉన్న సీట్లలో ఉండాలి.

బయల్దేరే ముందురోజు ఆటోనగర్‌లో కమాన్లు (స్ప్రింగు పట్టీలు), బ్రేకులు, టైర్ల గాలి చూపించండి, స్టెప్నీతో సహా. సొంత వ్యానును మార్పించేవాళ్లు బాడీ షెడ్డుకంటే ముందు ఆర్టీవో కార్యాలయానికి వెళ్లాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం మార్పు ఆర్సీలో ఎక్కకపోతే బీమా దగ్గర చిక్కు. మొత్తం బరువు 7,500 కిలోల లోపైతే మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనం) లైసెన్సు చాలు.

శ్రీశైలం ఆఖరున. దోర్నాల దగ్గర అటవీ గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. నిండు ట్యాంకుతో ఘాట్ ఎక్కవద్దు, నీళ్లు సగానికి తగ్గించి, దిగేటప్పుడు రెండో గేరులోనే దింపండి.