సిరొంచ ఇంట్లో టేకు నేలకు మెరుగు: చేయించిన పనిపై నా అభిప్రాయం

మహారాష్ట్రలోని సిరొంచలో మా తాతగారు కట్టించిన ఇంటి పై అంతస్తులో దూలాల మీద పరిచిన టేకు పలకలే నేల. ఆలాపల్లి టేకు అడవులు ఇంత దగ్గరున్న ఊళ్లో అదేమీ ఆడంబరం కాదు. పాత మెరుగు నల్లబడి పొరలుగా లేచిపోతుండటంతో, ఈ వేసవిలో గోదావరి వంతెన అవతలి నుంచి వచ్చిన ఒక బృందానికి మూడు గదుల పని అప్పగించాము. సామగ్రితో కలిపి చదరపు అడుగుకు 95 రూపాయలు తీసుకున్నారు.

ఆరంభం చూసి ముచ్చటపడ్డాను. మేస్త్రీ ముందుగా ఒక మూల స్పిరిట్‌లో తడిపిన దూదితో రుద్దగా పాత పూత జిగురుగా కరిగి వచ్చింది. అది లక్క పాలిష్ అని, నేలను అరగదీసే యంత్రం వేడికి కరిగి దాని గరుకు కాగితానికి అంటుకుపోతుందని చెప్పి, మొదట దాన్ని చేత్తోనే గీకించాడు. పైకి తేలిన మేకుల తలలన్నిటినీ పలకలోకి దిగ్గొట్టాకే యంత్రం తెచ్చారు. ముతకదైన 40వ నంబరు కాగితంతో మొదలై, 60 మీదుగా సన్నని 100కు చేరేసరికి దశాబ్దాల మసి కింద దాగిన తేనె రంగు చేవ బయటపడింది.

అయితే తిరుగుతున్న యంత్రాన్ని ఒక్క క్షణమైనా ఒకేచోట నిలపకూడదు. దాన్ని నడిపే కుర్రవాడు కిటికీ దగ్గర ఫోను ఎత్తాడు, అక్కడ అరచేయంత గుంట పడింది. అది పాతదేనని వాదించారు. ఆ నేల మీద పారాడి పెరిగినవాణ్ణి నేను. యంత్రం అందని గోడ అంచుల్లో మాత్రం, వారిలోని పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని ఉక్కు బద్దతో చెక్క నార వెంట గీకిన భాగం, చేయి పెట్టి చూస్తే గది నడిమి కన్నా నునుపుగా ఉంది.

అసలు ఇబ్బంది పూత దగ్గర వచ్చింది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక, పాలీయురేథేన్ అనే గట్టి పారదర్శక పూత వేసే ముందు థిన్నర్‌తో తుడవకపోతే పూత సరిగా పట్టదు, ఆరదు. రెండు గదుల్లో తుడిచారు, మూడో గదికి వచ్చేసరికి తొందరపడి వదిలేశారు. మూడు రోజుల తరువాత కూడా ఆ గదిలో అడుగుపెడితే పాదం అంటుకుంది. రెండుసార్లు ఫోను చేస్తే వచ్చి, మొత్తం తీసేసి, డబ్బు అడగకుండా మళ్లీ వేసి వెళ్లారు. ఈ మాట దాచడం న్యాయం కాదు.

మళ్లీ వారికే పని ఇస్తాను, కానీ ఆ పెద్దాయన వస్తేనే, అదీ మృగశిర కార్తెకు ముందే, ఎందుకంటే వానగాలిలో పూత త్వరగా ఆరదు. కిటికీ దగ్గరి గుంటను సరిచేయాలంటే గదంతా మరోసారి అరగదీయాలి. పలకల మందం పోగొట్టుకోవడం ఇష్టంలేక అమ్మ తన కుట్టుమిషన్‌ను అక్కడికి జరిపించుకుంది.