అమ్మ చేతి వాపుకి లింఫాటిక్ డ్రైనేజ్ చేయించాం: పని చేసిందా, డబ్బులు దండగా?

మసాజ్ అనగానే నూనె పోసి గట్టిగా పిసికి, వేళ్లు విరిచి, చివర్లో ఒళ్లంతా తేలికైపోయే వ్యవహారం గుర్తొస్తే, ఈ లింఫాటిక్ డ్రైనేజ్ (ఒంట్లో ఆగిపోయిన లింఫ్ అనే ద్రవాన్ని మెల్లగా నిమిరి వేరే దారికి మళ్లించడం) అది కాదని ముందే చెప్పేస్తున్నా. మొదటి సెషన్ రోజు పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తూ, సెషన్‌కి 1200 తీసుకుని ఈ అమ్మాయి మా అమ్మ మెడ మీద వేళ్లు ఆనించి ఊరుకుంటోందేంటి అనుకున్నా. బొట్టు చెరుగుతుందేమో అన్నంత మెల్లగా ఉంది ఆ చెయ్యి. మోసపోయాం అనే అనుకున్నా.

అమ్మకి 61. మూడేళ్ల క్రితం ఎడమ రొమ్ముకి కేన్సర్ ఆపరేషన్ అయింది, చంకలో లింఫ్ గ్రంథులు కూడా తీశారు, ఆ తర్వాత రేడియేషన్. అన్నీ దాటేశాం, ఇంక టెన్షన్ లేదు అనుకున్న ఏడాదిన్నరకి చెయ్యి ఉబ్బడం మొదలైంది. మొదలైన సంగతి మాకు తెలిసేసరికి చాలా లేటయింది, ఎందుకంటే ఆవిడ చెప్పలేదు. ఎడమ చేతి గాజులు తీసి బీరువాలో పెట్టేసింది, అడిగితే ఎండలకి చిరాగ్గా ఉందంది. జాకెట్లు తీసుకోవడానికి నేను వెళ్లినప్పుడు టైలర్ అడిగాడు, "మేడమ్, ఒక్క ఎడమ చెయ్యే అంగుళం లూజు పెట్టమన్నారు అమ్మగారు, కరెక్టేనా?" అని. అక్కడ తెలిసింది నాకు.

ఇంక సలహాలు మొదలయ్యాయి. పెద్దమ్మ నువ్వుల నూనె వెచ్చచేసి గట్టిగా రుద్దితే నీరు దిగిపోతుందంది. పక్క ఫ్లాట్ ఆంటీ ఉప్పు మానేయమంది. ఎవరో నీరు పోయే మాత్రలు వాడమన్నారు (ఈ రకం వాపుకి ఆ మాత్రలు పనికిరావని తర్వాత డాక్టర్ చెప్పారు). నేనేమో ఇంకా తెలివైనదాన్ని కదా, ఫోన్లో వెతికి, లింఫాటిక్ డ్రైనేజ్ అని బోర్డు పెట్టుకున్న ఒక స్పాకి తీసుకెళ్లా. పేరు చెప్పను. ఏం ఆపరేషన్ అయింది, గ్రంథులు తీశారా, జ్వరం ఉందా, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు వాళ్లు. నూనె పట్టించి మణికట్టు నుంచి భుజం దాకా గంటసేపు గట్టిగా తోశారు. మర్నాటికి చెయ్యి ఎర్రగా వేడెక్కి చలిజ్వరం. సర్జన్ చూసి సెల్యులైటిస్ అన్నారు, చర్మం కింద ఇన్ఫెక్షన్. వేలి దగ్గర చిన్న గీత ఉంది, కరివేపాకు కోస్తుంటే గీసుకుందట రెండ్రోజుల ముందు. లింఫ్ సరిగ్గా పారని చెయ్యి చిన్న గీతకి కూడా ఇన్ఫెక్షన్ తెచ్చుకుంటుందని, అలాంటి చేతికి ఆ రుద్దుడు అసలు పడకూడదని నాకు బాగానే అక్షింతలు వేశారు. యాంటీబయాటిక్స్ కోర్సు అయ్యి ఎరుపు పూర్తిగా తగ్గాకే, రక్తనాళాల్లో గడ్డ లేదని డాప్లర్ స్కాన్ తీయించి, లింఫెడీమా (లింఫ్ సరిగ్గా పారక వచ్చే ఈ వాపు) చూసే ఫిజియోథెరపిస్టు దగ్గరికి చీటీ రాసిచ్చారు.

అసలు రివ్యూ ఇక్కడ మొదలవుతుంది.

కూకట్‌పల్లి వైపు ఒక చిన్న క్లినిక్, రెండు గదులు. మొదటి రోజు ముప్పావు గంట ప్రశ్నలూ కొలతలే. మణికట్టు నుంచి నాలుగేసి సెంటీమీటర్లకి పెన్నుతో చుక్క పెట్టుకుంటూ రెండు చేతులూ టేపుతో కొలిచి కాగితం మీద వేశారు. మోచేతి పైన ఎడమది 33, కుడిది 28. వేలితో నొక్కితే గుంట పడుతోందా, ఎంతసేపు ఉంటోందా అని కూడా చూశారు. గుండె, కిడ్నీ, థైరాయిడ్ సంగతులన్నీ అడిగారు. గుండె పని సరిగ్గా లేనివాళ్లకీ, కాల్లోనో చేతిలోనో రక్తం గడ్డ కట్టినవాళ్లకీ, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడూ ఇది చేయరట. ఈ ప్రశ్నలు అడగని చోట నుంచి లేచి వచ్చేయండి, అంతే.

రెండో రోజు థెరపీ. అమ్మ పడుకుంది, థెరపిస్టు మెడ పక్కన, కంఠం ఎముకల పైన గుంటల్లో మొదలుపెట్టింది. నూనె లేదు, పౌడర్ లేదు. వేళ్లు జారకూడదు, చర్మాన్ని కొద్దిగా సాగదీసి వదిలెయ్యాలి, అంతే కదలిక. తర్వాత పొట్ట మీద చెయ్యి పెట్టి లోతుగా ఊపిరి తీయించింది. తర్వాత కుడి చంక. అటు నుంచి ఛాతీ మీదుగా, తర్వాత ఎడమ గజ్జల వైపు. ఇరవై నిమిషాలైనా ఎడమ చెయ్యి ముట్టుకోదే! అమ్మకి ఓపిక అయిపోయింది.

"వాపు చేతికైతే మెడ నిమురుతావేంటమ్మాయ్?"

"మీది ఏ ఊరు ఆంటీ?"

"తెనాలి పక్కన."

"పొలంలో నీళ్లు నిలబడిపోతే ముందు ఏం చేస్తారు?"

"డ్రైను పూడిక తీయిస్తారు. డ్రైను పారకుండా బోదెలు ఎన్ని తవ్వినా ఏం లాభం?"

"అదే చేస్తున్నా ఆంటీ."

అంతే, ఇంక అమ్మ నోరెత్తలేదు. డెల్టా వాళ్లకి డ్రైనేజ్ అన్న మాట విడమర్చక్కర్లేదు కదా.

నాకు మాత్రం అక్కర్లేనంత వివరం కావాలి కాబట్టి అడిగి తెలుసుకున్నా. బళ్లో శోషరసం అని చదువుకున్నామే, అదే లింఫ్. రోజూ కొన్ని లీటర్ల ద్రవం రక్తనాళాల్లోంచి కణాల మధ్యకి ఊరి, ఈ సన్న గొట్టాల్లోకి చేరి, మెడ దగ్గర పెద్ద సిరల్లో కలుస్తుంది. దీన్ని తోయడానికి గుండెలాంటి పంపు లేదు. గొట్టాలే కొద్దికొద్దిగా ముడుచుకుంటాయి, కండరాలు కదిలితే, ఊపిరి తీస్తే సాయం. మొదటి గొట్టాలు చర్మానికి కిందే ఉంటాయి, వాటి గోడలని సన్న దారాలు చుట్టూ పట్టుకుని ఉంటాయి, చర్మం కాస్త సాగితే ఆ దారాలు లాగి నోళ్లు తెరుచుకుంటాయి. గట్టిగా నొక్కితే ఆ నోళ్లు నలిగిపోతాయి తప్ప లాభం లేదు. అందుకే అంత మెల్లగా. చంకలో గ్రంథులు తీసేశారు కనుక పాత దారి మూసుకుపోయింది, ద్రవాన్ని అవతలి చంకకీ గజ్జలకీ మళ్లించాలి. అందుకని ముందు ఆ దారులు ఖాళీ చేసి, తర్వాత భుజం, ఆ తర్వాత మోచెయ్యి, అలా పై నుంచి కిందకి వస్తారు, చేతి మీద తోసే దిక్కు మాత్రం ఎప్పుడూ పైకే. మా స్పా వాళ్లు చేసింది పూడిపోయిన డ్రైనులోకి ఇంకాస్త నీళ్లు తోయడం.

ఈ పద్ధతికి మూలం డెన్మార్క్‌కి చెందిన ఎమిల్ వాడర్, ఆయన భార్య ఎస్ట్రిడ్. 1930ల్లో ఫ్రాన్స్‌లోని కాన్‌లో, జలుబుతో మెడ గ్రంథులు ఉబ్బినవాళ్లకి మెల్లగా నిమిరి చూసి, 1936లో పారిస్‌లో బయటపెట్టారు. గ్రంథుల జోలికి వెళ్లడానికే డాక్టర్లు భయపడే రోజులవి. తర్వాత జర్మనీలో ఫోల్డి దంపతులు దీనికి కట్టు, వ్యాయామం, చర్మ సంరక్షణ జోడించి పూర్తి చికిత్స చేశారు. మా క్లినిక్ వాళ్లు చేసింది ఈ రెండోదే.

కట్టు అన్నాను కదా, అసలు పరీక్ష అక్కడుంది. నిమరడం 40 నిమిషాలు, అమ్మ సగంలోనే గురక పెట్టేది. ఆ తర్వాత అరగంట కట్టు. ముందు పల్చటి కాటన్ గొట్టం తొడుగు, వేళ్లకి విడివిడిగా పల్చటి గాజ్ బ్యాండేజ్, దాని మీద దూది లాంటి మెత్త, ఆ పైన మూడు పొరలు పెద్దగా సాగని బ్యాండేజ్. మెడికల్ షాపులో దొరికే సాగే క్రేప్ బ్యాండేజ్ కాదిది. ఇది చెయ్యి కదలనప్పుడు పెద్దగా నొక్కదు, కదిలినప్పుడు గట్టి గోడలా నిలబడి కండరం లోపలి నుంచి తోసేలా చేస్తుంది. మర్నాడు సెషన్‌కి వచ్చేదాకా విప్పకూడదు. ఏప్రిల్ నెల, హైదరాబాద్ ఎండ, చేతికి బాక్సింగ్ గ్లవ్ తొడిగినట్టు. దోశ తిప్పలేదు, చీర కుచ్చిళ్లు పెట్టుకోలేదు. చెప్పడానికి మొహమాటమే కానీ ఎవరూ చెప్పరు కనుక చెప్తున్నా, ఎడమ చేతికి కట్టుంటే మన ఇళ్లలో బాత్రూం పెద్ద సమస్య. మూడో రోజు అమ్మ ఏడ్చేసింది, ఇదంతా తీసి పారెయ్యి అని. పొడుగు పాలిథిన్ కవరు, రబ్బరు బ్యాండు, కుడివైపుకి మార్చిన హ్యాండ్ షవర్, ఇవి మా ఇంటి పరిశోధన. థెరపిస్టు ముందే చెప్పి ఉంటే మూడు రోజుల నరకం తప్పేది. దీనికి ఒక మార్కు కట్.

ఫలితం. మూడు వారాల్లో 15 సెషన్లు, మోచేతి పైన 33 ఉన్నది 30కి వచ్చింది, వేళ్ల కణుపులు మళ్లీ కనిపించాయి, భుజం బరువు తగ్గిందని అమ్మ తనంతట తనే అంది. ఇందులో నిమరడం వాటా ఎంత, కట్టు వాటా ఎంత అంటే, నా ఓటు కట్టుకే. 2015లో వచ్చిన కోక్రేన్ (వైద్య పరిశోధనలన్నీ కలిపి పరిశీలించే సంస్థ) సమీక్ష కూడా దాదాపు ఇదే అంటుంది: రొమ్ము కేన్సర్ తర్వాత వచ్చే చేతి వాపు కట్టుతోనే బాగా తగ్గుతుంది, దానికి ఈ నిమరడం కలిపితే ఇంకొంచెం తగ్గొచ్చు, అదీ వాపు మరీ ముదరనివాళ్లలో. అలాగని నిమరడం దండగ అనను. ఆ 40 నిమిషాల నిద్ర కోసమే అమ్మ మర్నాడు కట్టు కట్టించుకోడానికి ఆటో ఎక్కేది. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆ వైపు ఒళ్లు ఎవరూ అంత మెత్తగా ముట్టుకోలేదు, సూదులూ రేడియేషనూ తప్ప. అది కొలత కాగితం మీద ఎక్కడా రాదు.

ఖర్చు చెప్తా. సెషన్లు 18,000, కట్టు సామాను 3,800, తర్వాత వేసుకునే కంప్రెషన్ స్లీవ్ 3,200. అడ్మిషన్ లేదు కనుక ఇన్సూరెన్స్ వాళ్లు ఒక్క రూపాయి ఇవ్వలేదు. కట్టు సామాను మా దగ్గరే కొనాలి అన్న పద్ధతి నాకు నచ్చలేదు, బిల్లు అడిగితే గానీ ఇవ్వలేదు. ఒక రోజు మా థెరపిస్టు సెలవులో ఉంటే ఇంకొకరు వచ్చి ఇరవై నిమిషాల్లో చుట్టేసి పంపారు, ఆ రాత్రి చేతివేళ్లు నీలంగా మారి తిమ్మిరెక్కితే నేనే విప్పేశా. గొడవ పెట్టుకుంటే ఆ సెషన్ లెక్కలో వేయకుండా డబ్బులు వదిలేశారు. కాబట్టి క్లినిక్ పేరు కాదు, ఎవరు చేస్తున్నారో, లింఫెడీమాలో ట్రైనింగ్ ఉందో లేదో అడగండి.

రీల్స్‌లో ఇదే పేరుతో ముఖం సన్నబడుతుందని, టాక్సిన్లు పోతాయని, ఒక్క సెషన్‌లో నడుము రెండు అంగుళాలు తగ్గుతుందని చూపిస్తున్నారు కదా, దాన్నీ దీన్నీ కలపకండి. విషాలు వడకట్టడానికి కాలేయం, కిడ్నీలు ఉన్నాయి. కొవ్వు దీనితో కరగదు. మోకాలి మార్పిడి, లైపోసక్షన్ లాంటి ఆపరేషన్ల తర్వాత వాపుకి చేయిస్తారు, అదైనా మీ సర్జన్ సరే అన్నాకే.

మా అమ్మ సెషన్‌కి వెళ్లేటప్పుడు పక్క గదిలో బోదకాలుతో ఒక పెద్దాయన కనిపించేవాడు, గోదావరి జిల్లా నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఆయనకి థెరపిస్టు నిమరడం కంటే ఎక్కువసేపు పాదం కడగడమే నేర్పించేది: సబ్బుతో రోజూ, వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో పొడిగా, ఒరుపులకి మందు, కాలు ఎత్తులో, మడమ ఆడించడం. "ఇరవై ఏళ్ల నుంచి పింఛను కాగితాలు అడిగారు కానీ కాలు కడగమని ఎవరూ చెప్పలేదమ్మా" అన్నాడొకరోజు నాతో. వేల రూపాయల సెషన్లు కుదరనివాళ్లు ముందు అది మొదలుపెట్టొచ్చు, సబ్బు ఖర్చే.

ఇప్పుడు క్లినిక్‌కి మూడు నెలలకోసారి కొలతలకే వెళ్తున్నాం. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదని మొదటి రోజే చెప్పారు, అది మంచిదైంది. పగలు స్లీవ్, రాత్రి పడుకునే ముందు పావుగంట నేను నిమురుతా, మెడతో మొదలుపెట్టి. ఆ చేతికి బీపీ, సూదులు లేవు. కరివేపాకు నేనే కోస్తా. స్లీవ్ ఆర్నెల్లకే సాగిపోయి కొత్తది కొనాల్సి వచ్చింది, అది బడ్జెట్‌లో వేసుకోండి. అయిదుకి నాలుగు ఇస్తా, ఆ ఒకటి బాత్రూం సంగతి ముందే చెప్పనందుకు.

గాజులు ఇంకా ఎక్కట్లేదు. జాకెట్లు మాత్రం మొన్న మళ్లీ టైలర్ దగ్గరికి వెళ్లాయి, ఎడమ చెయ్యి అర అంగుళం లోపలికి పట్టించడానికి. ఈసారి ఆవిడే నాకు చెప్పి వెళ్లింది.