ఉబుంటు తెలిసిన సర్వీసు దుకాణం, హనుమకొండ

విండోస్‌కు బదులు ఉబుంటు 24.04 అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న మా ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్లు సగంలోనే ఆగిపోతుండడంతో హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక సర్వీసు దుకాణానికి తీసుకెళ్లాను. ఫార్మాట్ చేసి విండోస్ వేస్తామనకుండా, వీరు ముందు లోపం ఎక్కడుందో వెతికారు. మొబైల్ హాట్‌స్పాట్‌తోనూ నడిపి చూసి, లోపం ఇంటర్నెట్‌లో లేదని, మేము ఎంచుకున్న మిర్రర్ (అప్‌డేట్ల నకలు ఉంచే సర్వర్) ప్రధాన సర్వర్‌తో పూర్తిగా సరిపోలని స్థితిలో ఉన్నందున ప్యాకేజీల (సాఫ్ట్‌వేర్ భాగాల) జాబితాకూ ఫైళ్లకూ పొంతన కుదరక 'హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్' అనే ఎర్రర్ వస్తోందని ఓపికగా వివరించారు. 'సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్'లో ప్రధాన సర్వర్‌ను ఎంచుకుని, పాత జాబితాలను తొలగించి, అప్‌డేట్‌ను మళ్లీ నడిపారు. ఒకేసారి రెండు ప్రోగ్రాములు ప్యాకేజీలను మార్చకుండా ఆపే లాక్ ఫైలును చెరిపేయకుండా, దాన్ని పట్టుకున్న ప్రాసెస్ ముగిసేదాకా ఆగడం నాకు ఎంతో నచ్చింది. అక్కడ తొందరపడితే ప్యాకేజీల డేటాబేసే పాడయ్యే ప్రమాదం ఉంది. రుసుము ముందే చెప్పారు, రసీదు మాత్రం అడిగితేనే ఇచ్చారు.