పారశీక రాజకుటుంబీకుల జీవితం: గ్రీకు చరిత్రలా, మట్టిపలకల లెక్కలా, ఏది మేలు?

కైరస్, దరియస్, జెర్క్సిస్ వంటి చక్రవర్తుల సంగతి సరే, సింహాసనానికి దగ్గరలో పుట్టి దాని మీద ఎన్నడూ కూర్చోని వారు ఎలా బతికారో తెలుసుకోవాలంటే ముందు గ్రీకు చరిత్రకారులను చదవాలా, పారశీక రాజధాని పర్సెపోలిస్‌లో దొరికిన మట్టిపలకలను చదవాలా అని, ఆ చక్రవర్తుల వంశమైన అకమీనిడ్ వంశం మీద ఆసక్తి ఉన్న మిత్రులు పదేపదే అడుగుతుంటారు. చాలాకాలం నేను గ్రీకుల వైపే చూపించాను. ఇప్పుడు మట్టిపలకల వైపు చూపిస్తున్నాను. ఈ మార్పుకు కారణం అర్తిస్టోన్ అనే ఒక స్త్రీ.

ఆమె కైరస్ చక్రవర్తి కూతురు. దరియస్ రాజ్యానికి వచ్చాక ఆమెను, ఆమె సోదరి అటోస్సాను పెళ్లాడాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. దరియస్‌కు భార్యలందరిలో అర్తిస్టోన్ మీదే ఎక్కువ ప్రేమ అనీ, ఆమె ప్రతిమను బంగారంతో చేయించాడనీ, ఆమె కొడుకులు అర్సామీస్, గోబ్రియస్‌లు క్రీ.పూ. 480 నాటి గ్రీకు దండయాత్రలో దళాలను నడిపారనీ కూడా అతనే చెప్పాడు. అతని గ్రంథంలో ఆమె గురించి ఉన్నది ఇంచుమించు ఇంతే. ఒక ప్రేమ, ఒక బంగారు బొమ్మ, ఇద్దరు కొడుకులు: వినడానికి ఇంపుగానే ఉంటుంది కానీ, ఆమె ఒక్క రోజు ఎలా గడిపిందో ఇందులో తెలియదు.

ఇక 1933-34 తవ్వకాల్లో పర్సెపోలిస్ కోట గోడలో బయటపడిన పలకలకు వద్దాం. ఇవి ఎలమైట్ భాషలో రాసిన సర్కారు పద్దులు, క్రీ.పూ. 509 నుంచి 493 వరకు ధాన్యం, సారాయి, పశువులు ఎవరికి ఎంత ఇచ్చారో నమోదు చేసినవి. వీటిలో ఆమె పేరు ఇర్తష్దున. క్రీ.పూ. 503లో, దరియస్ పాలనలో పంతొమ్మిదో ఏడు మొదటి నెలలో, ఆమెకు 100 గొర్రెలు ఇవ్వాలని రాజు ఆజ్ఞాపించినట్టు ఒక పలకలోనూ, 200 మర్రిష్‌ల ద్రాక్షసారాయి, అంటే సుమారు 2,000 లీటర్లు, ఇవ్వాలని ఇంకొక పలకలోనూ ఉంది. ఏదో పెద్ద విందు జరిగి ఉండాలి. అంతకంటే నన్ను ఆకట్టుకున్నవి ఆమె స్వయంగా పంపిన ఆజ్ఞలు: కుక్కన్నకన్ వంటి ఊళ్లలోని తన ఎస్టేటు నుంచి ఫలానావారికి సారాయి ఇవ్వమని శలమన అనే అధికారికి రాయించి, తన సొంత ముద్ర వేసి పంపినవి. కొన్ని పలకల్లో ఆమెతోపాటు ఇర్షామా పేరుకూ కలిపి పిండి ఖర్చు రాశారు. హెరొడోటస్ చెప్పిన అర్సామీస్ ఇతడే అని పండితులు భావిస్తారు. బంగారు బొమ్మ వెనుక ఉన్న మనిషికి భూములున్నాయి, పనివాళ్లున్నారు, కొడుకుతో కలిసి చేసిన ప్రయాణాలున్నాయి. మరో విశేషం: పలకలు ఆమెను రాజు భార్య అనవు, ‘దుక్షిష్’ అంటాయి, రాజవంశ స్త్రీ అని దాని అర్థం.

నా దృష్టిలో తేల్చవలసిన అంశం ఒక్కటే: ఆ రాత ఎవరి కోసం రాశారు? హెరొడోటస్ గ్రీకు శ్రోతల కోసం, పారశీకుల యుద్ధాలు ముగిసిన దశాబ్దాల తరువాత రాశాడు. కథకు పనికివచ్చిన రాకుమారుడే అతని చేతిలో మిగిలాడు. పలక రాసిన లేఖకుడికి మాత్రం గిడ్డంగి లెక్క సరిపోతే చాలు. మన కరణాల దండకవిలె లాంటిదే అది. ఎవరినీ పొగడదు, తెగడదు, వచ్చినదీ పోయినదీ చెబుతుంది. అందుకే గ్రీకు రచనల్లో పేరైనా కనిపించని ఇర్దబామ అనే స్త్రీ, షిరాజ్ ప్రాంతంలో వందలమంది పనివాళ్లను నడిపిన భూస్వామినిగా ఈ పలకల్లో మనకు దొరుకుతుంది. పర్సెపోలిస్ పరిపాలనకు అధిపతి, తన ముద్ర మీద అర్షామ కొడుకునని చెప్పుకున్న పర్నక రోజువారీ వాటా రెండు గొర్రెలు, సుమారు 90 లీటర్ల సారాయి అని కూడా వీటి వల్లే తెలుస్తుంది. అంతా ఆయనే తాగలేదు లెండి. ఆయన వెంట ఉన్న పరివారానికి అందులోంచే పంచాలి. రాజబంధువు హోదాను ఆ రోజుల్లో కొలిచిన తీరు అది.

పలకలకు లోపాలు లేవని కాదు. పదహారేళ్ల కాలం, ఒకే ప్రాంతం. ఆ తరువాత ఇర్తష్దున ఏమైందో అవి చెప్పవు. కోపం, భయం, కుట్ర వంటివి వాటిలో వెతకడం దండగ. రెండో దరియస్ కొడుకు చిన్న కైరస్ అన్న మీద తిరగబడి క్రీ.పూ. 401లో కునాక్సా వద్ద చనిపోయిన తీరు తెలియాలంటే గ్రీకు రచయిత జెనోఫోన్‌ను చదవక తప్పదు. అతడు ఆ సైన్యంతో నడిచినవాడు. దారిలో కనిపించిన సిరియా పల్లెలు చిన్న కైరస్ తల్లి, రాణి పరిసాటిస్ నడికట్టు ఖర్చుకు ఇచ్చినవని అతడు రాసిన మాట ఏ లెక్కల పలకకూ తీసిపోదు. కళ్లతో చూసిన గ్రీకు దొరికినప్పుడు గ్రీకే మేలు. అలాంటివాడు దొరికేది అరుదు.

చక్రవర్తుల శాసనాలలో తండ్రితాతల పేర్లు తప్ప ఇలాంటివారి బతుకు కనిపించదు. బైబిలులోని ఎస్తేరు కథ ఆస్థాన వాతావరణానికి పనికొస్తుంది, వ్యక్తుల చరిత్రకు కాదు.

గ్రీకు చరిత్రకూ మట్టిపలకలకూ మధ్యస్థంగా ఉండి నేను చివరకు అందరికీ సిఫారసు చేస్తున్నవి తోలు మీద అరమాయిక్ భాషలో రాసిన అర్షామ (పర్నక తండ్రి కాదు, తరువాతి కాలపు మరో అర్షామ) ఉత్తరాలు. క్రీ.పూ. 5వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈజిప్టు సత్రపుగా, అంటే రాష్ట్రపాలకుడిగా, ఉన్న ఈయనను ‘బర్ బైతా’, అంటే ‘ఇంటి బిడ్డ’, అని పిలిచారు. రాజకుటుంబీకుడని దాని భావం. ఈయన గొర్రెలు, మేకలు బాబిలోనియాలోని నిప్పూరులో కౌలుకు తిరిగినట్టు అక్కడి మురషు అనే వ్యాపార కుటుంబపు పలకలు చూపుతాయి. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న ఆ ఉత్తరాలలో లెక్కలూ ఉన్నాయి, మనిషి గొంతూ ఉంది. ఇతర అధికారులు యజమానుల ఇళ్లకు పనివాళ్లను, చేతిపనివాళ్లను చేర్చుకుంటుంటే నువ్వు మాత్రం ఊరుకున్నావేమని తన పెత్తందారు నఖ్తోరును ఆయన గద్దిస్తాడు. వెతికి పట్టుకొచ్చిన వాళ్లకు తన గుర్తు వేయమంటాడు. ఒక శిల్పికి, అతని ఇంటివారికి తిండి సరిగా అందించి, గుర్రాన్నీ రౌతునూ చెక్కించి పంపమంటాడు. అదే నఖ్తోరు ఈజిప్టుకు బయలుదేరినప్పుడు అర్షామ, అర్బేలా, డమాస్కస్ దారిలోని తన ఎస్టేట్ల అధికారులందరికీ ఒకే చీటీ రాశాడు: రోజుకు ఇంత పిండి, ఇంత సారాయి లేదా బీరు, ఒక గొర్రె, గుర్రాలకు గడ్డి ఇవ్వండి, ఏ ఊళ్లోనైనా ఒక్క రోజుకు మించి ఆగితే మాత్రం అదనంగా ఏమీ ఇవ్వకండి.